అరంగుళం తక్కువ

తాళంచెవి ఇచ్చేటప్పుడు ఫొటో తీయాలని మాత్రం నేర్పారు. కొన్నవాళ్లు గుమ్మం ముందు నిలబడాలి, తాళంచెవి అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకోవాలి, నవ్వాలి. ఆ ఫొటో ఆఫీసు గోడకెక్కుతుంది. టైలరు జీవితంలో అమ్మిన మొదటి ఇల్లు అది. ఆ మంగళవారం పొద్దున్నే భార్య చేత చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించుకుని, టై బిగించి, చెప్పిన వేళకి అరగంట ముందే వచ్చి ఆ కింది అంతస్తు ఫ్లాటు ముందు నిలబడ్డాడు.

పేరుకి అతనిప్పుడు ప్రాపర్టీ ఏజెంటు. ఇరవై ఆరేళ్లు బట్టలు కుట్టి, రోడ్డుకి రెండువైపులా రెడీమేడు షాపులు లేచాక కొట్టు మూసేసి ఇందులోకి వచ్చాడు. ఆఫీసులో మాత్రం మేనేజరు దగ్గర్నుంచి అందరూ "టైలర్ గారూ" అనే పిలుస్తారు. గౌరవం "గారు" వరకే, మిగతాదంతా వెక్కిరింపు.

వ్యాను వచ్చి ఆగింది. ఇల్లు కొన్న డ్రైవరు ముందు చక్రాల కుర్చీ దింపి, తర్వాత తల్లిని ఎత్తుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. సిటీ బస్సు నడిపే మనిషి, భుజాలు గట్టివి. ఆవిడ ముప్ఫై ఏళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసింది. కాళ్లు పనిచేయడం మానేశాయి గాని నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"మనకి ఇల్లు చూపించింది ఈ బాబేనా? మెడకి అంత బిగించుకున్నావు, ఊపిరాడుతోందా నాయనా?"

"ఆడుతోందండీ" అన్నాడు టైలరు నవ్వుతూ. "కాస్త ఇటు చూడండి. ఇంకొంచెం నవ్వండి."

"ఇంతకంటే నవ్వితే కట్టుడు పళ్లు ఊడి కింద పడతాయి. తీసెయ్."

తీశాడు. ఫొటో బాగా వచ్చింది. తాళం తీసే పని కూడా ఆవిడ చేతే చేయించారు. కుర్చీ పెద్ద గుమ్మం దాటింది, హాలు దాటింది, పడగ్గదిలోకి కూడా దర్జాగా వెళ్లింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. టైలరుకి ఆ ఎండ కూడా తనే ఏర్పాటు చేసినంత గర్వంగా ఉంది.

"ముందు బాత్‌రూము చూపించరా. వ్యానులో రెండు గంటలు ఓర్చుకున్నాను" అంది పెద్దావిడ. రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ తనే ముందుకి నడిపింది.

టక్‌మని చప్పుడైంది. ఒకపక్క చక్రం తెరిచిన తలుపుకి తగిలింది, ఇంకోపక్కది ద్వారబంధానికి తగిలింది. ఆవిడ వెనక్కి జరిపి, సూటిగా చూసుకుని, మళ్లీ తోసింది. మళ్లీ టక్. ఈసారి కుడిచేతి వేళ్ల మెటికలు కొయ్యకి రాసుకుని తోలు లేచింది. డ్రైవరు వచ్చి కుర్చీని ఏటవాలుగా తిప్పి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు.

"ఊరుకోరా, రివర్సు తీయడానికి ఇదేం బస్సు కాదు" అంది ఆవిడ. గొంతులో ఇందాకటి హుషారు లేదు.

డ్రైవరు నెమ్మదిగా టైలరు వైపు తిరిగాడు. "పోతుందన్నారుగా అండీ?"

అన్నాడు. టైలరు అనలేదని ఎలా అంటాడు? రెండు నెలల క్రితం ఇదే గదిలో ఈ డ్రైవరే రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, "మా అమ్మ కుర్చీ ఇంతుంటుంది. బాత్‌రూములోకి పోతుందా?" అని అడిగాడు. టైలరు ఆ గుమ్మం వంకయినా చూడకుండా, "శుభ్రంగా పోతుంది సార్, ఇక్కడన్నీ స్టాండర్డ్ సైజులే" అన్నాడు. స్టాండర్డ్ సైజంటే ఎంతో అతనికి అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. మేనేజరు ఎవరికో ఫోనులో చెబుతుంటే విన్నాడు, మాట బాగుందని దాచుకున్నాడు, అవసరానికి వాడేశాడు.

ఆవిడ ఇక ఆగే స్థితిలో లేదు. డ్రైవరు వంగి తల్లిని రెండు చేతుల మీదా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు. కొడుకు చేతుల్లోకి వెళ్తూ ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుంది. ఖాళీ కుర్చీ పట్టుకుని, టై కట్టుకుని, టైలరు బయట నిలబడ్డాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి "జాగ్రత్తమ్మా", "ఆ కొంగు పట్టుకో", "నువ్వు అటు చూడరా" అన్న మాటలు వినిపిస్తున్నాయి. వినకుండా ఉండటానికి అతను వీధిలోకి వెళ్లొచ్చు, కానీ కుర్చీ చేతిలో ఉంది. తల కొట్టేసినట్టయింది.

మళ్లీ కుర్చీలో కూర్చున్నాక ఆవిడ చీర సర్దుకుని, చాలాసేపు మెటికలు చూసుకుంది.

"పాత ఇంట్లో మెట్లు ఎక్కలేకపోయినా ఈ ఒక్క పని నేనే చేసుకునేదాన్ని. పగలంతా వీడు బస్సు మీద, కోడలు మిల్లులో షిఫ్టులో. నాకు మిగిలిన గొప్ప అదొక్కటే బాబూ." అంది. "తెలీదని ఒక్క మాట అంటే సరిపోయేదిగా? మేమే కొలుచుకునేవాళ్లం."

టైలరు ఏదో ఒకటి చేస్తానన్నాడు. ఏం చేస్తాడో ఆవిడా అడగలేదు, డ్రైవరూ అడగలేదు. అది ఇంకా బాధగా ఉంది.

*

ఆఫీసులో గంట ఉంది. ఇల్లమ్మినవాళ్లు దాన్ని మూడుసార్లు కొట్టాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. టైలరు లోపలికి రాగానే మేనేజరు అతని భుజం మీద చెయ్యేసి గంట దగ్గరికి తీసుకెళ్లాడు. అతనికంటే పదేళ్లు చిన్నవాడు, నడుస్తూ మాట్లాడతాడు, నిలబడితే మాట ఆగిపోతుందేమో అన్నట్టు.

"సార్, ఒక పొరపాటు జరిగింది" అని టైలరు గంట కొట్టకుండానే జరిగింది చెప్పాడు.

"రిజిస్ట్రేషను అయిపోయిందా?"

"అయింది."

"తాళంచెవి ఇచ్చారా? ఫొటో తీశారా?"

"తీశాను సార్."

"ఇంకేంటి మరి? మన పని అక్కడితో సరి. గుమ్మాలు మనం కట్టామా?"

"ఏమేం చూడాలో, ఏమేం కొలవాలో మాకెవరూ చెప్పలేదు సార్."

మేనేజరు నవ్వాడు. "నాకు మాత్రం ఎవరు చెప్పారు? నీళ్లలోకి తోస్తే ఈత అదే వస్తుంది. శుక్రవారం కొత్త బ్యాచి వస్తోంది. మీరే మాట్లాడాలి. 'కత్తెర నుంచి కోటి దాకా', హెడ్డింగు కూడా రెడీ. ముందు గంట కొట్టండి, అందరూ చూస్తున్నారు."

కొట్టాడు. చప్పట్లు మోగాయి. నీళ్లలోకి తోసింది తననే గాని మునిగింది మాత్రం ఆవిడ అనుకుంటూ, తేలు కుట్టిన దొంగలా తన కుర్చీలో కూర్చున్నాడు.

ఈ పనిలో చేరినప్పుడు అతనికిచ్చిన శిక్షణ మూడు రోజులే. మొదటి రోజు అందరూ లేచి నిలబడి "నేను గెలుస్తాను" అని అరిచారు. రెండో రోజు అద్దంలో చూసుకుంటూ నవ్వడం నేర్చుకున్నారు. తెలీదు అనే మాట ఏజెంటు నోట్లోంచి రాకూడదని ఆ రోజే చెప్పారు, పుస్తకంలో రాయించారు. మధ్యాహ్నం టైలరు అలవాటు చొప్పున జేబులోంచి టేపు తీసి వేలికి చుట్టుకుంటుంటే మేనేజరు చూశాడు. "టైలర్ గారూ, ఇల్లమ్మేది నోటితో, టేపుతో కాదు!" అన్నాడు. నలభైమందీ గొల్లుమన్నారు. మూడో రోజు పరీక్ష పెట్టి టై ఇచ్చారు. టేపు ఆ సాయంత్రమే ఇంటికెళ్లి మిషను సొరుగులో పడింది.

*

"మెడలో టేపు తీసేసి టై కట్టారు. పోనీ ఆ టైతో అయినా కొలవలేకపోయారా?" అంది భార్య.

ఆవిడ మిషను మీద ఎవరిదో లంగా అంచు కుడుతోంది. ఇంట్లో మిషను ఇంకా ఆడుతోందంటే ఆవిడ వల్లే. మాట అనేశాక మొగుడి ముఖం చూసి పాదం ఆపింది.

"ఎంత తేడా వచ్చింది?"

"తెలీదు" అన్నాడు టైలరు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! ఇప్పుడు రావడం ఎందుకు, తగలెయ్యడానికా?

అతనికి పని నేర్పింది పెదనాన్న. ఏడాదిపాటు కాజాలే కుట్టించాడు. కత్తెర ముట్టుకోనివ్వలేదు. రెండో ఏడు పాత దుప్పట్లు కత్తిరించనిచ్చాడు. కొత్త గుడ్డ చేతికొచ్చేసరికి మూడో ఏడు వచ్చింది. ఓసారి ఎవరో లావుపాటి ఆవిడ నడుము కొలవడానికి మొహమాటపడి అందాజుగా రాసుకుంటే పెదనాన్న నెత్తి మీద మొట్టాడు. "కొలత దగ్గర సిగ్గుపడ్డవాడు కత్తెర దగ్గర ఏడుస్తాడురా!" గజం గుడ్డ కోసం మూడేళ్లు నేర్పిన మనిషి ఆయన. మనుషులు బతుకంతా దాచి కొనుక్కునే ఇంటికి మూడు రోజులు చాలన్నారు వీళ్లు. చాలన్నారు సరే, తను ఎలా నమ్మాడు? నమ్మడం కాదు, టేపు కనబడితే మళ్లీ నవ్వుతారని భయపడ్డాడు. నిజం అది. అది ఎవరి మీదా తోసెయ్యడానికి లేదు.

బుధవారం ఒక తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. మేస్త్రీ గోడ మీద సుత్తి వెనకవైపుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఇటుపక్క పిల్లరు. అటుపక్క నీళ్ల గొట్టాలన్నీ ఈ గోడలోనే ఉన్నాయి. పగలగొడితే మీ ఇంట్లోనే వాన కురుస్తుంది." అంతే, వెళ్లిపోయాడు. డ్రైవరు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు.

"ఎన్నాళ్లు పెట్టగలను సెలవు?" అన్నాడతను, టైలరు అడక్కుండానే. "ఎంత ఇరుకు సందయినా బస్సుకి గీత పడకుండా బయటికి తెస్తానని డిపోలో పేరండీ నాకు. మా అమ్మ కుర్చీని గుమ్మం దాటించలేకపోయాను."

పడగ్గదిలో పెద్దావిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పక్కన గ్లాసులో నీళ్లు నిండుగా ఉన్నాయి, పొద్దుట్నుంచీ ముట్టుకోలేదని డ్రైవరు చెప్పాడు. ఎందుకు తాగడం లేదో టైలరుకి విడమరిచి చెప్పక్కర్లేదు.

*

శుక్రవారం హాల్లో ముప్ఫైమంది. కొందరి మెడల్లో టై ముళ్లు ఇంకా కుదరలేదు. మేనేజరు అతన్ని ముందుకి తెచ్చి, వెనక తెర మీద ఆ ఫొటో వేయించాడు. తాళంచెవి పైకెత్తి పెద్దావిడ గోడంత పెద్దగా నవ్వుతోంది.

టైలరు నిజం చెప్పాలనే వచ్చాడు. రాత్రంతా మాటలు కూర్చుకున్నాడు కూడా. కానీ చప్పట్లు మోగాక, మేనేజరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాక, నోరు దానంతటదే తిరిగింది. కష్టపడితే ఏదైనా సాధ్యమన్నాడు. కస్టమరు కళ్లలోకి చూడమన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

మూడో వరసలో ముప్ఫై అయిదేళ్లావిడ చెయ్యెత్తింది. పదేళ్లు నర్సుగా చేసి, రాత్రి డ్యూటీలు పడక ఇటు వచ్చానని ఉదయం పరిచయాల్లో చెప్పుకున్న మనిషి.

"సార్, మంచాన పడ్డవాళ్లు, కుర్చీలో ఉండేవాళ్లు ఉన్న ఇళ్లుంటాయి కదా. గుమ్మాల వెడల్పులు అవీ మనమే కొలుచుకోవాలా?"

ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఫోను చూసుకుంటున్నారు. టైలరు మాత్రం గతుక్కుమన్నాడు. ఫొటో వైపు చూడలేక మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కనుబొమలు కొద్దిగా పైకి లేచాయి.

"అవసరం రాదమ్మా" అన్నాడు టైలరు. "అన్నీ స్టాండర్డ్ సైజులే."

నర్సు అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసి, తల వంచి పుస్తకంలో రాసుకుంది. ఆ కలం కదలడం అతనికి అంత దూరం నుంచీ కనిపించింది. మంగళవారం చేసింది తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది. మనిషన్నవాడికి సిగ్గుండాలి అని ఎన్నిసార్లు ఎంతమందిని తిట్టి ఉంటాడో, అన్నీ ఇప్పుడు తిరిగొచ్చి తన నెత్తినే పడ్డాయి. చప్పట్లు అయ్యేదాకా నిలబడి, టై విప్పి జేబులో కుక్కుకుని, మెట్లు దిగి ఇంటికెళ్లిపోయాడు.

మిషను సొరుగులో టేపు చుట్ట చుట్టినట్టే ఉంది. మెడలో వేసుకున్నాడు.

*

శనివారం పొద్దున్న అతన్ని చూసి డ్రైవరు పక్కకి తప్పుకున్నాడు. టైలరు బాత్‌రూము గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు తెరిచిన తలుపు నుంచి ఎదుటి కొయ్యకి పట్టాడు. సరిగ్గా ఇరవై నాలుగు అంగుళాలు. కుర్చీ ఒక చక్రం అంచు నుంచి రెండో చక్రం అంచుకి ఇరవై నాలుగున్నర. అరంగుళం! జాకెట్టు చంక దగ్గర అరంగుళం తగ్గితే మనిషి చెయ్యెత్తలేదని అతనికి తెలుసు. ఆ లెక్కన చూస్తే అది చిన్నదేం కాదు.

మళ్లీ పట్టాడు. ఈసారి కింద, మధ్యన, పైన. తర్వాత తలుపు మూసి, రెండు కొయ్యల మధ్యన పట్టాడు. ఇరవై అయిదు ముప్పావు.

తెరిచినప్పుడు ఆ తలుపు చెక్క మందమూ, బందుల మందమూ కలిసి అంగుళం ముప్పావు మింగేస్తున్నాయి. దారి ఇరుకు చేస్తున్నది గోడ కాదు, తలుపు.

"స్క్రూడ్రైవరు ఉందాండీ?" అన్నాడు.

ఇద్దరూ కలిసి బందులు విప్పి తలుపు గోడకి ఆనించారు. డ్రైవరు ఖాళీ కుర్చీని తోశాడు. అటు అరంగుళం పైన, ఇటు అరంగుళం పైన ఖాళీ వదిలి కుర్చీ లోపలికి వెళ్లిపోయింది. డ్రైవరు దాన్ని బయటికి లాగి మళ్లీ తోశాడు. మళ్లీ లాగాడు. ముఖం వెలిగింది.

"మురిసింది చాలు" అంది పెద్దావిడ మంచం మీంచి. "తలుపు లేని బాత్‌రూములో కూర్చోమంటారా నన్ను?"

అదీ నిజమే. టైలరు ఆవిడ మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "కుర్చీలో కూర్చుంటే మీ చెయ్యి ఎంతవరకు అందుతుందో ఒకసారి కొలుచుకోవచ్చాండీ?"

ఆవిడ అతని మెడలో టేపు వైపు చూసింది. "ఓహో, అసలు పని ఇదా నీది?" అని, కొడుకు కూర్చోబెట్టాక చెయ్యి చాచింది. అతను నేల నుంచి వేళ్ల చివరికి ఎత్తు తీసుకున్నాడు. వేళ్లు ఎంత వంగుతాయో అడిగి చూసుకున్నాడు. మెటికల మీద చెక్కు కట్టిన గాయానికి తగలకుండా పట్టుకున్నాడు. అన్నీ రాసుకున్నాడు, ఒకటికి రెండుసార్లు చదివి వినిపించాడు.

ఆ పగలంతా మొగుడూ పెళ్లాలు మిషను దగ్గర్నుంచి లేవలేదు. వెలుతురు అటూ ఇటూ దాటని మందపాటి కాన్వాసు తెర, రెండు పొరలు. ఒక అంచు ద్వారబంధానికి బిగించడానికి. రెండో అంచుకి, లోపలివైపు, కోటుకి పెట్టేంత పెద్ద కొయ్య గుండీలు నాలుగు. గుండీలు అందుకునే కాజాల పట్టీ ఎదుటి కొయ్యకి. కాజాలు భార్య మిషను మీద వేస్తానంటే ఒప్పుకోక చేత్తోనే కుట్టాడు. తొందర లేకుండా, దగ్గర దగ్గరగా, పెదనాన్న మొట్టికాయ పడకుండా.

ఆదివారం కట్టారు. పెద్దావిడ చక్రాలు తిప్పుకుంటూ తనే గుమ్మం దాటింది. వెనక తెర లాక్కుంది. బయట డ్రైవరు, టైలరు పక్కపక్కన నిలబడ్డారు. లోపల గుండీ ఒకటి పట్టుకోవడం, జారిపోవడం, మళ్లీ పట్టుకోవడం తెలుస్తోంది. డ్రైవరు ముందుకి కదలబోతే టైలరు చెయ్యి పట్టి ఆపాడు. ఒకటి పడింది. రెండు. మూడు. నాలుగు.

"ఇక పొండి ఇద్దరూ ఇక్కణ్ణుంచి! కాపలా ఎందుకు?" అని లోపల్నుంచి కేక వచ్చింది.

డ్రైవరు హాల్లోకి వెళ్లి గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

కాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. గ్లాసెత్తి నీళ్లన్నీ తాగింది. తెర అంచు వేళ్లతో తడిమి, కాజా ఒకటి కంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"బాగా కుట్టావు నాయనా" అంది. మెచ్చుకోలులో అబద్ధం లేదు. "ఇల్లు కూడా ఇలాగే అమ్మి ఉంటే తలుపున్న ఇల్లు దొరికేది నాకు."

టైలరు తల వంచుకున్నాడు. ఏడవాలనిపించింది గాని, అందుకు కూడా తనకి హక్కు లేదనిపించింది. "క్షమించండమ్మా" అన్నాడు. ఆవిడ పర్లేదనలేదు. గ్లాసు అతని చేతికిచ్చి, "ఇంకాసిని నీళ్లు పొయ్యి" అంది.

*

సోమవారం ఆఫీసులో జాబితా చూసి నర్సు నంబరు తీసుకుని ఫోను చేశాడు. ఆవిడకి మొదటి ఇల్లు అప్పగించారట, మర్నాడు కొనే పార్టీ చూడ్డానికి వస్తోందట. "నేనూ వస్తానమ్మా, పార్టీ రాకముందే" అన్నాడు. పని మానేస్తాడా కొనసాగుతాడా అన్నది అతనికి ఇంకా తేలలేదు. ఆ ఇంటికి వెళ్లాలన్నది మాత్రం తేలింది.

మర్నాడు ఆ ఖాళీ ఇంట్లో చెప్పుల చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. ఒక్కో గుమ్మం దగ్గరా తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవమన్నాడు. మెట్టు ఎత్తు, గొళ్లెం ఎత్తు, వంటగట్టు ఎత్తు. తనకి తెలిసినవి ఇంతే అన్నాడు. కరెంటు గురించి, నీళ్ల గురించి, కాగితాల గురించి తనకేమీ తెలీదన్నాడు. తెలిసినవాళ్లని పట్టుకుని ఇద్దరం అడుగుదామన్నాడు. ఆవిడ అన్నీ పుస్తకంలో రాసుకుంటోంది.

చివరి గుమ్మం దగ్గర అతను గొంతు సవరించుకున్నాడు. పొద్దుట్నుంచీ వాయిదా వేస్తున్న మాట అది.

"శుక్రవారం నేను చెప్పింది ఒకటి రాసుకున్నావు చూడమ్మా. 'అవసరం రాదు' అని. అది కొట్టేయ్."

నర్సు పుస్తకం వెనక్కి తిప్పి ఆ పేజీ చూపించింది. ఆ మాట మీద అడ్డంగా గీత ఉంది. సిరా ఎప్పుడో ఆరిపోయింది.

"అప్పుడే కొట్టేశానండీ" అంది. "పదేళ్లు రోగుల బంధువులకి అబద్ధాలు చెప్పే డాక్టర్లని చూశాను. చెప్పేటప్పుడు మీ ముఖమూ అలాగే ఉంది."

అతను టేపు రెండో కొస ఆవిడ చేతికిచ్చి, తను మొదటి కొస పట్టుకుని, గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.